చెప్పుకోలేని చోట వేయించుకున్న సూది: ఇంటివాళ్లు తెలుసుకోవలసిన సంగతులు

(వేంపల్లెలో రోగుల బంధువుల కోసం జరిగిన ఆరోగ్య అవగాహన సమావేశంలో శస్త్రచికిత్స విభాగం డాక్టరు చేసిన ప్రసంగ పాఠం)



రాత్రంతా వార్డు బయట పడుకుని, పొద్దున్నే టీ కూడా తాగకుండా వచ్చి కూర్చున్నవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. మిమ్మల్ని ఎక్కువసేపు ఆపను. పోయినసారి షుగర్ గురించి, అంతకు ముందు పాముకాటు గురించి చెప్పుకున్నాం. ఈ రోజు చెప్పబోయేది పదిమందిలో మాట్లాడే అలవాటు మనకు లేని విషయం. ఆడవాళ్లు, మగవాళ్లు కలిసి కూర్చున్నారు కాబట్టి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. తల వంచుకున్నా ఫరవాలేదు, వినడం మాత్రం మానకండి.

విషయం ఏమిటంటే, మర్మస్థానాల్లో వేయించుకునే సూదులు. మగవాళ్లు అంగం లావుగా కనిపించాలని, ఆడవాళ్లు కాన్పుల తర్వాత యోని బిగువు కావాలని, మరికొందరు పిరుదులూ రొమ్ములూ నిండుగా కనిపించాలని చర్మం కింద ఒక జెల్లునో నూనెనో ఎక్కించుకుంటున్నారు. దీన్ని 'ఫిల్లర్' అంటారు. ఖాళీని నింపేది అని అర్థం. ఇలాంటివన్నీ బొంబాయి, హైదరాబాదుల్లో జరిగే సంగతులు కదా, వేంపల్లెలో ఎందుకు అని మీరు అనుకోవచ్చు. నేనూ కొన్నేళ్ల క్రితం వరకు అలాగే అనుకున్నాను.

సూది వేయించుకున్న మనిషి ఇలాంటి సమావేశానికి రాడు. వచ్చినా వెనక నిలబడి మధ్యలో వెళ్లిపోతాడు. అందుకే మీతో చెబుతున్నాను. ఇంట్లో అతను నడక మార్చి నడిస్తే మొదట గమనించేది మీరు. ఆసుపత్రికి తీసుకొచ్చేదీ, తేవడానికి ఆలస్యం చేసేదీ కూడా మీరే.

నేను చూసిన ఒక రోగి గురించి చెబుతాను. పేరు, ఊరు చెప్పను. గుర్తుపట్టే వివరాలు కూడా కొన్ని మార్చాను. కువైట్ లో డ్రైవర్ పని చేసే అబ్బాయి. సెలవు మీద వచ్చాడు. పెళ్లి ముహూర్తం పెట్టుకున్నారు. ఇంకా మూడు వారాలుంది. తోటివాళ్లు ఏదో ఎగతాళి చేశారో, సెల్ ఫోన్ లో చూడకూడనివి చూసి పోల్చుకున్నాడో, తనలో లోపముందని మనసులో పడింది. గోడ మీద రాసిన నంబరుకు ఫోన్ చేశాడు. వాళ్లు రమ్మన్నది ఆసుపత్రికి కాదు, బస్టాండు దగ్గర లాడ్జిలో ఒక గదికి. అక్కడ ఉన్న మనిషి తెల్లకోటు వేసుకున్నాడు. 'విదేశీ మందు, జీవితాంతం ఉంటుంది' అని చెప్పి అంగం చర్మం కింద రెండు సిరంజీల మందు ఎక్కించాడు. చీటీ లేదు, బిల్లు లేదు, మందు పేరు లేదు.

మూడో రోజు వాపు వచ్చింది. మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కున్నాడు. ఐదో రోజు జ్వరం. తల్లి అడిగితే గజ్జల్లో సెగ్గడ్డ లేచిందని చెప్పాడు. ఆమె పసుపు, సున్నం కలిపి ఇచ్చింది. పదో రోజు ఆటోలో తీసుకొచ్చారు. బట్ట తొలగించేసరికి వాసన వచ్చింది. చర్మం నల్లబడి ఉంది. రక్తంలో షుగర్ చూస్తే 380. తనకు షుగర్ ఉన్నట్టు ఆ అబ్బాయికి అంతవరకు తెలియదు. తల్లి పక్కన ఉన్నంతసేపు 'గడ్డే సార్, గడ్డే' అన్నాడు. ఆమెను టీ తెమ్మని బయటికి పంపాక నిజం చెప్పాడు. ఆ రాత్రే ఆపరేషన్ చేసి చచ్చిపోయిన చర్మమంతా తీసేయవలసి వచ్చింది. కొన్ని వారాల తర్వాత తొడ మీది చర్మం తీసి అక్కడ అతికించారు. ప్రాణం దక్కింది. పెళ్లి వాయిదా పడింది.

విషయం తెలిశాక ఆ తల్లి నన్ను ఒకటే అడిగింది. 'ముందే చెప్పి ఉంటే నేను కొట్టేదాన్నా సార్?' అని. ఏం చెప్పాలో నాకు తోచలేదు. కొట్టకపోవచ్చు. కానీ కొడుతుందేమోనని, అంతకంటే ఎక్కువగా ఊరంతా నవ్వుతుందేమోనని వాడు భయపడ్డాడు. ఆ భయానికి పది రోజులు పోయాయి. మొదటి రెండు రోజుల్లో వచ్చి ఉంటే చాలావరకు యాంటీబయాటిక్ సెలైన్లతోనో, చిన్న కోతతోనో సరిపోయేది.

ఇప్పుడు ఈ ఫిల్లర్ అంటే ఏమిటో కొంచెం చూద్దాం. వీటిలో రెండు తెగలున్నాయి. మొదటిది హైలురానిక్ ఆమ్లం అనే జెల్లు. ఇది మన చర్మంలో, కీళ్లలో సహజంగా ఉండే పదార్థమే. ముఖం మీది ముడతలకు, పెదవులకు చర్మవ్యాధి నిపుణులు వాడతారు. కొన్ని నెలల నుంచి ఏడాది, ఏడాదిన్నర లోపల శరీరం దాన్ని మెల్లగా కరిగించుకుంటుంది. ఏదైనా తేడా వస్తే కరిగించడానికి హైలురానిడేజ్ అనే విరుగుడు ఇంజెక్షన్ ఉంది. రెండో తెగ కరగనివి. ద్రవ సిలికాన్, పారఫిన్, వాసెలిన్, ఇంకా రకరకాల నూనెలు. వీటికి విరుగుడు లేదు. ఒకసారి లోపలికి పోతే కోసి తీయడమే, అదీ పూర్తిగా రాదు. లాడ్జి గదిలో 'జీవితాంతం ఉంటుంది' అని చెప్పారంటే అది ఈ రెండో తెగది అయ్యే అవకాశమే ఎక్కువ.

మొదటి తెగ మంచిది కదా, దాన్ని వేయించుకుంటే సరి అని ఎవరైనా అనవచ్చు. అమెరికాలో మందులకు, వైద్య పరికరాలకు అనుమతి ఇచ్చే ఎఫ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ ఈ ఫిల్లర్లను ముఖానికి, చేతి వెనక భాగానికి అనుమతించింది. రొమ్ములు పెంచడానికో, పిరుదులు పెంచడానికో వాడవద్దని చెబుతోంది. ద్రవ సిలికాన్ తో శరీరం ఆకారం మార్చుకోవద్దని 2017 నవంబరులో ప్రత్యేకంగా హెచ్చరిక కూడా ఇచ్చింది. పెద్ద నగరాల్లో చదువుకున్న డాక్టర్లు కొందరు మర్మస్థానాల్లో జెల్లు వేస్తున్నారు, నిజమే. వాళ్ల దగ్గర ప్రమాదం తక్కువ. అయినా వాపు, గడ్డలు, చీము వాళ్ల రోగుల్లోనూ వస్తున్నాయి. నన్ను అడిగితే, జబ్బు లేని అంగానికి సూది ఎందుకు గుచ్చాలో నాకు అర్థం కాదు. ఇది నా అభిప్రాయం.

ఈ పిచ్చి కొత్తది కాదు. 1899లో వియన్నా నగరంలో రాబర్ట్ గెర్సునీ అనే సర్జన్ దగ్గర క్షయ వల్ల వృషణాలు తీసేయవలసి వచ్చిన ఒక రోగి ఉన్నాడు. ఖాళీ అయిన సంచిలో ఆయన వాసెలిన్ ఎక్కించాడు. చూడడానికి బాగానే కనిపించింది. ఆ వార్త విని యూరప్ లో ముక్కుకు, చెంపలకు, రొమ్ములకు పారఫిన్ ఎక్కించడం మొదలుపెట్టారు. కొన్నేళ్లు గడిచాక గడ్డలు, పుండ్లు, కదిలిపోయిన ముద్దలు బయటపడ్డాయి. అక్కడి డాక్టర్లు ఆ పద్ధతిని వదిలేశారు. అంటే ఈ ప్రయోగం మొదలైంది మర్మస్థానం దగ్గరే, అది చెడ్డదని తేలి కూడా వంద ఏళ్లు దాటింది. ఆ వాసెలిన్నే ఇంకా తూర్పు యూరప్ లో, ఆసియా దేశాల్లో మగవాళ్లు తమకు తామే ఎక్కించుకుని ఆసుపత్రుల్లో చేరుతున్నారు.

లోపల ఏం జరుగుతుందో చెబుతాను. నూనె లోపలికి పోతే శరీరం దాన్ని ముల్లులాగా, పరాయి వస్తువులాగా చూస్తుంది. చుట్టూ గోడ కడుతుంది. ఆ గోడ గట్టిపడి రాయిలాంటి గడ్డ అవుతుంది. ఇది నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత వస్తుంది. అందుకే 'నాకేం కాలేదు' అని మొదట్లో ధైర్యంగా చెప్పుకునేవాళ్లు ఉంటారు. గడ్డ పెరిగితే ముందరి చర్మం వెనక్కి రాదు, లేక వెనక్కి వెళ్లింది ముందుకు రాదు. కలయికలో నొప్పి. కొందరికి మూత్రం పోయడం కష్టం. లావు కావాలని వేయించుకున్న సూది వల్ల అంగం పనిచేయకుండా పోయినవాళ్లున్నారు. అప్పుడు ఆ గడ్డను పైచర్మంతో సహా తీసేసి, వృషణాల సంచి చర్మంతోనో, తొడ చర్మంతోనో కప్పాలి. ఒక్కోసారి ఇది రెండు విడతల ఆపరేషన్.

రెండోది చీము. మర్మస్థానం ఎప్పుడూ చెమ్మగా ఉండే చోటు, మలద్వారానికి దగ్గర. శుభ్రం చేయకుండా గుచ్చితే క్రిములు లోపలికి పోతాయి. షుగర్ ఉన్నవాళ్లలో అది గంటల్లో పాకే కుళ్లుగా మారవచ్చు. దీన్ని డాక్టర్లు ఫోర్నియర్ గాంగ్రీన్ అంటారు. నేను చెప్పిన అబ్బాయికి వచ్చింది అదే. సాయంత్రం ఎర్రగా ఉన్న చర్మం తెల్లవారేసరికి నల్లబడుతుంది. నొప్పి చాలా ఎక్కువగా ఉంటుంది, పైకి కనిపించే వాపుకు మించి ఉంటుంది. ఆ తర్వాత నొప్పి ఒక్కసారిగా తగ్గిపోయిందంటే నయమైందని సంతోషపడకండి. అక్కడి నరాలు చచ్చిపోయి ఉండవచ్చు.

మూడోది రక్తనాళం. సూది పొరపాటున రక్తనాళంలోకి పోతే జెల్లు అక్కడ అడ్డం పడుతుంది. పొలం కాలువలో మట్టిగడ్డ పడితే కింది మడికి నీళ్లు అందవు కదా, అలాగే అక్కడి చర్మానికి రక్తం అందదు. అప్పటికప్పుడే చర్మం తెల్లగా పాలిపోతుంది, లేదా నీలంగా వలవలగా మచ్చలు కడుతుంది. భరించలేని నొప్పి వస్తుంది. కొన్ని గంటల్లోపల విరుగుడు వేయగలిగితే చర్మం నిలుస్తుంది. విరుగుడు పనిచేసేది హైలురానిక్ జెల్లుకు మాత్రమే. అందుకే ఎక్కించింది ఏమిటో మాకు తెలియాలి.

నాలుగోది అన్నిటికంటే భయంకరమైనది. ఆడవాళ్ల యోని చుట్టూ సిరలు వల అల్లినట్టుగా ఉంటాయి, గర్భిణీలకు, కాన్పులైనవాళ్లకు ఇంకా ఉబ్బి ఉంటాయి. ఆ సిరల్లోకి పోయిన జెల్లు అక్కడ ఆగదు. గుండెకు, గుండె నుంచి ఊపిరితిత్తులకు పోతుంది. దక్షిణ కొరియాలో అనుమతి లేని చోట యోనిలో హైలురానిక్ ఫిల్లర్ వేయించుకున్న ఒక స్త్రీకి ఊపిరితిత్తుల్లోని రక్తనాళాలు ఇలా మూసుకుపోయిన సంగతిని అక్కడి డాక్టర్లు 2010లో థోరాక్స్ అనే వైద్య పత్రికలో రాశారు. గమనించండి, ఇది వాసెలిన్ కాదు, 'మంచిది' అని చెప్పే జెల్లే. పిరుదుల్లో సిలికాన్ వేయించుకున్నవాళ్లకు కూడా ఇదే ప్రమాదం. సూది వేయించుకున్న కొన్ని నిమిషాలకో, కొన్ని గంటలకో ఆయాసం, దగ్గు, ఛాతీలో నొప్పి, మతి తప్పడం మొదలైతే ఆలోచించవద్దు. 108కి ఫోన్ చేయండి. మనిషిని కూర్చోబెట్టే ఉంచండి. నీళ్లు, టీ పట్టించవద్దు. సూది వేసిన చోటికే తిరిగి తీసుకెళ్లి అడుగుదాం అని అనుకోవద్దు.

సూదితో పాటు వచ్చే రోగాల గురించి ఒక మాట. ఒకే సిరంజీ ఇద్దరికి వాడితే హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ అంటుకుంటాయి. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో లైసెన్సు లేని ఒక బ్యూటీ స్పాలో రోగి రక్తమే తీసి ముఖానికి సూదులతో ఎక్కించే చికిత్స చేశారు. అక్కడికి వెళ్లిన ఒక మహిళకు హెచ్ఐవీ వచ్చిందని 2018లో బయటపడింది. వెతికితే మరికొందరు కనిపించారు. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ ఆ వివరాలు 2024 ఏప్రిల్ లో ప్రకటించింది. అదే రక్తపు చికిత్సను మర్మస్థానాలకు కూడా 'షాట్' అని పేరు పెట్టి అమ్ముతున్నారు. మన రక్తమే కదా అని ధైర్యపడతారు. రక్తం మనదే, సూది ఎవరిదో!

ఇలాంటి పనులు చేసేది ఎవరు? మన బస్టాండు గోడలు, కరెంటు స్తంభాలు, రైలు పెట్టెలు చూస్తే తెలుస్తుంది. 'రహస్య రోగాలకు గ్యారంటీ చికిత్స' అని రాసి ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో కలవండి అంటారు. ఇలాంటి ప్రకటనలు నేరమని మీకు తెలుసా? లైంగిక శక్తి పెంచుతామని మందులకు ప్రకటన ఇవ్వడాన్ని 1954లోనే కేంద్ర ప్రభుత్వం చట్టం చేసి నిషేధించింది. మందుల నియమావళిలో షెడ్యూల్ జె అనే జాబితా ఉంది. ఆ జాబితాలోని వాటిని నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. అంగం పరిమాణం, ఆకారం పెంచడం అందులో ఉంది. చట్టం ఉన్నా గోడ మీద రాత ఎందుకు చెరగడం లేదంటే, మోసపోయినవాడు పోలీసు స్టేషనుకు వెళ్లి చెప్పలేడు. వాళ్లకు ఆ ధైర్యమే పెట్టుబడి.

మన రాష్ట్రంలోనే జరిగింది చూడండి. 2022 ఫిబ్రవరిలో నెల్లూరులో ఒక లాడ్జి గదిలో ఇద్దరు బీఫార్మసీ విద్యార్థులు ఒక వ్యక్తికి లింగమార్పిడి ఆపరేషన్ చేయబోయారు. యూట్యూబ్ లో చూసి చేశారని పత్రికలు రాశాయి. అతను అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. అది ఫిల్లర్ కాదు, నిజమే. కానీ పెద్ద ఆసుపత్రికి పోతే ఖర్చు ఎక్కువ, నలుగురికీ తెలుస్తుంది అనే ఆలోచనే మనుషుల్ని ఇలాంటి గదికి తీసుకుపోతుంది. డబ్బున్న దేశాల్లోనూ ఇంతే. అమెరికాలోని ఫ్లోరిడాలో డాక్టరు కాని ఒక వ్యక్తి ఇళ్లలో పిరుదులకు సూదులు వేసేవాడు. వాటిలో సూపర్ గ్లూ, టైరు పంక్చర్ మూసే పదార్థం లాంటివి కలిపేవాడని కేసు నడిచింది. అతని దగ్గర సూదులు వేయించుకున్న ఒక స్త్రీ 2012లో చనిపోయింది. 2017లో అతనికి పదేళ్ల జైలు శిక్ష పడింది.

ఇంతకీ ఆ కువైట్ అబ్బాయికి నిజంగా లోపం ఉందా అని మీరు అడగవచ్చు. లేదు. చిన్నదని చెప్పి మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది మామూలుగానే ఉంటారు. వివిధ దేశాల్లో 15,521 మందిని డాక్టర్లు కొలిచిన లెక్కలన్నీ కలిపి 2015లో ఇంగ్లండు పరిశోధకులు ప్రచురించారు. మామూలుగా ఉన్నప్పుడు సగటు 9.16 సెంటీమీటర్లు, గట్టిపడినప్పుడు 13.12 సెంటీమీటర్లు. గోడ మీద రాసేవాళ్లు, సినిమాలు తీసేవాళ్లు చెప్పేది దీనికి ఎంతో దూరం. పైనుంచి కిందికి చూసుకుంటే తనది ఎవరికైనా చిన్నగానే కనిపిస్తుంది, ఎదుటివాడిది పక్కనుంచి చూస్తాం కాబట్టి పెద్దగా కనిపిస్తుంది. పొట్ట ముందుకొస్తే ఇంకా చిన్నగా కనిపిస్తుంది. పెళ్లికి ముందు అబ్బాయికి ఈ నాలుగు మాటలు చెప్పే మేనమామో, పెద్దన్నో ఇంట్లో ఉంటే లాడ్జికి పోయే పని ఉండదు.

ఆడవాళ్ల విషయానికి వస్తే, రెండు మూడు కాన్పుల తర్వాత వదులుగా అనిపించడం సహజం. దానికి సూది అవసరం లేదు. మూత్రం మధ్యలో ఆపుకోవడానికి బిగించే కండరాలు ఉంటాయి కదా, వాటిని కూర్చుని ఉన్నప్పుడు ఐదు లెక్కపెట్టేంతసేపు బిగించి వదలండి. పదిసార్లు. రోజుకు మూడు పూటలు. అన్నం వండుతూ చేసుకోవచ్చు, పక్కవాళ్లకు తెలియదు. రెండు మూడు నెలలు విడవకుండా చేయాలి. దగ్గితే మూత్రం పడుతున్నా, గర్భసంచి కిందికి జారినట్టున్నా అది జబ్బు. దానికి వైద్యం ఉంది, ఆడ డాక్టరు దగ్గరికి రండి. ముప్పై ఏళ్లు ఆ జారిన గర్భసంచితోనే పొలం పని చేసిన అవ్వలను నేను చూశాను.

సరే, జరగవలసింది జరిగిపోయింది, ఇంట్లో ఒకరికి తేడా వచ్చింది. అప్పుడు మీరేం చేయాలి?

తిట్టవద్దు. కనీసం ఆ రోజు తిట్టవద్దు. 'ఎందుకు చేసుకున్నావ్' అన్న ప్రశ్న నెల తర్వాత అడగవచ్చు. ఆ రోజు అడగవలసినవి ఎప్పుడు వేశారు, ఎన్ని సూదులు, ఏం మందు, షుగర్ ఉందా, ఇప్పటివరకు ఏం మాత్రలు మింగావు అనేవే. సీసా, డబ్బా, సిరంజీ, ఫోన్ లో మెసేజీ ఏది దొరికినా మాకు తీసుకురండి. డబ్బా మీద పేరు చదవగలిగితే ఒక గంట మిగులుతుంది. అక్కడ పిసకవద్దు, గుచ్చి చీము తీయవద్దు. కాపడం పెట్టవద్దు. పసుపు, సున్నం, ఆకుపసరు వేయవద్దు. గుడ్డతో బిగించి కట్టవద్దు. మూత్రం ఆగిపోయినా, చర్మం పాలిపోయినా నల్లబడినా, చలిజ్వరం వచ్చినా, దుర్వాసన వచ్చినా ఆ పూటే బయలుదేరండి. తెల్లవారాక చూద్దాం అనవద్దు. మా దగ్గర కాకపోతే ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రి ఉంది, కడపలో రిమ్స్ అని మనం పిలిచే ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. మూత్రవ్యాధుల నిపుణుడో ప్లాస్టిక్ సర్జనో కావాలంటే అక్కడి నుంచి కర్నూలుకో, తిరుపతి స్విమ్స్ కో, వెల్లూరు సీఎంసీకో పంపుతారు.

డాక్టరు దగ్గర మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటే కోపం తెచ్చుకోకండి. తల్లి ముందు కొడుకు చెప్పలేడు, అత్త ముందు కోడలు చెప్పలేదు. రోగి చెప్పింది బయట పెట్టకూడదని 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమాల్లో ఉంది. మీకు కూడా అతను ఒప్పుకుంటేనే చెబుతాం. ఆ నియమాల్లోనే డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరు క్లినిక్ లో అందరికీ కనిపించేలా పెట్టాలని, చీటీ మీద వేయాలని కూడా ఉంది. నంబరు లేని తెల్లకోటును నమ్మవద్దు.

సమావేశం చివర కొందరు అడిగిన ప్రశ్నలు కూడా ఇక్కడ చేరుస్తున్నాం.

ఒక అన్న అడిగారు: 'మా చిన్నాయన కొడుకు ఏడాది కిందట వేయించుకున్నాడంట సార్. ఇప్పుడేమీ లేదు. రమ్మంటారా?'

రమ్మనండి. కంగారు పడవలసింది లేదు, కానీ ఒకసారి చేత్తో తడిమి చూడాలి, ఏదైనా గడ్డ ఉంటే చిన్నగా ఉన్నప్పుడే తెలుస్తుంది. షుగర్ చూస్తాం. హెచ్ఐవీ, హెపటైటిస్ పరీక్షలు చేయించుకోవాలి. హెచ్ఐవీ పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో ఉచితం, వివరాలు రహస్యంగా ఉంచుతారు. ముందు ముందు ఏ ఆపరేషన్ కు వెళ్లినా, మూత్రపు గొట్టం వేయవలసి వచ్చినా ఈ సూది సంగతి డాక్టరుకు ముందే చెప్పమనండి.

ఒక పెద్దాయన అడిగారు: 'ఆసుపత్రికి తెస్తే పోలీసు కేసు అవుతుందా?'

అర్హత లేని మనిషి చేసిన పని వల్ల ప్రాణం మీదికి వస్తే మేము పోలీసులకు తెలియజేయవలసి రావచ్చు. అందులో నేరం చేసింది సూది వేసినవాడు, వేయించుకున్నవాడు కాదు. కేసు భయంతో ఇంట్లో పెట్టుకుంటే మనిషి పోయాక వచ్చేది అంతకంటే పెద్ద కేసు.

అందరూ లేచిపోతుంటే ఒక చెల్లెమ్మ వెనకనుంచి వచ్చి మెల్లగా అడిగింది: 'నాకు వద్దు సార్. ఆయనే పట్టుపడుతున్నాడు. మదనపల్లెలో ఎవరో వేస్తారంట. కాదంటే ఇంట్లో గొడవ.'

నీ ఒంటికి సూది వేయాలంటే నువ్వు ఒప్పుకోవాలమ్మా, ఆయన ఒప్పుకుంటే చాలదు. ఆయనను ఒకసారి ఓపీకి తీసుకురా. నీ కాళ్ల నొప్పికి అని చెప్పే తీసుకురా. నువ్వు బయట బెంచీ మీద కూర్చో, ఆయనతో నేను మాట్లాడతాను.